పూడ్చిన సున్నపురాయి గుంత మీద ఏ విత్తనాలు చల్లాలి? సుబాబుల్ తప్ప దారి లేదా?

రాతినేల అడిగినది:

అందరికీ నమస్తే. నేను దామరచర్ల వైపు ఒక చిన్న సున్నపురాయి గనిలో పనిచేస్తున్నాను. పర్యావరణం ఫైళ్లు, మొక్కలు, టిప్పర్ల దారిలో నీళ్లు కొట్టించడం అన్నీ నా మీదే ఉంటాయి. రాయి తీయడం అయిపోయిన ఒక ముక్కను, పన్నెండు ఎకరాల దాకా ఉంటుంది, ఓబీ మట్టితో (రాయి కోసం పైనుంచి తవ్వి తీసేసిన మట్టి, రాళ్లు) పూడ్చి డోజర్‌తో చదును చేశారు. వచ్చే మిరుగుకు (మృగశిర కార్తెకు) అక్కడ విత్తనం పడాలి. ఏం వేయాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

మా ఆఫీసులో అందరూ సుబాబుల్, కోనోకార్పస్ అంటున్నారు. తొందరగా లేస్తాయి, ఇన్‌స్పెక్షన్ ఫొటోల్లో పచ్చగా కనిపిస్తాయి అని వాళ్ల లెక్క. ఊళ్లో గొర్లున్నవాళ్లు మాత్రం, లీజుకు పోకముందు అది మా జీవాలు మేసిన బంచరాయి, మళ్లీ మేపుకునేలా చేసి ఇవ్వండి అని అడుగుతున్నారు. నాకు వాళ్ల మాటే న్యాయంగా ఉంది. కానీ గడ్డి వేద్దాం అని నోటిమాటగా అంటే ఎవరు వింటారు, ఏ గడ్డి, ఎంత విత్తనం, ఆ నేలలో బతుకుతుందా అని ఎదురడిగితే జవాబు ఉండాలి కదా.

నేల సంగతి ఇది. పైన రెండడుగుల మందాన నల్లమట్టి, పసుపుపచ్చ సుద్ద, పిడికెడు నుంచి తలకాయంత రాళ్లు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. కృషి విజ్ఞాన కేంద్రంలో పరీక్ష చేయిస్తే పీహెచ్ 8.4 వచ్చింది, సేంద్రియ కర్బనం, భాస్వరం రెండూ తక్కువే. డంపర్లు తిరిగి తిరిగి గట్టిపడిపోయింది. పోయిన వానాకాలం నీళ్లు పైనే నిలిచి, ఎండాక పెంకులు పెంకులుగా లేచింది, గడ్డపార దిగడం లేదు. ఒక పక్కన ఏళ్ల కిందట విడిగా తీసి పోసిన పైమట్టి కుప్ప ఉంది, దాని నిండా వయ్యారిభామ. బోరు లేదు, ట్యాంకర్ నీళ్లు ఏదో కొన్ని మొక్కలకు సరిపోతాయి అంతే. చుట్టూ పాత గుంతల గట్ల మీద సర్కారు తుమ్మ అడవిలా అల్లుకుంది, మధ్యమధ్య తంగేడు, వెంపలి, బందారు కనిపిస్తాయి.

ఇలాంటి నేలతో పనిచేసినవాళ్లు, గడ్డి గురించి తెలిసినవాళ్లు చెప్పండి. పేర్లతో చెప్తే మేలు.

గనిప్లాన్, హైదరాబాద్:

ముందు ఆఫీసులో మీకు పనికొచ్చే మాట చెప్తాను. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో కేంద్ర ప్రభుత్వానికి ఒక ఆదేశం ఇచ్చింది. గని పని ఆగాక లీజుదారు ఆ నేలలోనూ, గని పనివల్ల చెడిన పక్క నేలలోనూ మళ్లీ గడ్డి పెంచాలి, మేతకూ మొక్కలకూ జీవజాలానికీ పనికొచ్చే స్థితికి తేవాలి, ఈ షరతును లీజుల్లో పెట్టండి అని. గడ్డి అన్న మాట, మేత అన్న మాట రెండూ అందులోనే ఉన్నాయి. కాబట్టి గొర్లకాపరులు అడుగుతున్నది దయ కాదు. మీ సున్నపురాయి మేజర్ మినరల్, ఐబీఎం (ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్) కిందికి వస్తుంది, మైన్ క్లోజర్ ప్లాన్, అంటే గని మూసేటప్పుడు నేలను ఎట్లా బాగుచేయాలో రాసిన ప్లాన్, ఉండే ఉంటుంది. ఆ ప్లాన్‌లో మొక్కల పట్టిక తీసి చూడండి. చాలా ప్లాన్లలో ఆ పట్టిక వేరే జిల్లా ప్లాన్ నుంచి ఎత్తి రాసిందే ఉంటుంది, సవరించుకోవడానికి దారి ఉంది.

ఇక నేల. విత్తనం కంటే ముందు మీ పన్నెండు ఎకరాలకు కావాల్సింది రిప్పర్. డోజర్ వెనక రిప్పర్ పంజా తగిలించి అర మీటరు లోతు, వీలైతే ఇంకొంచెం, మీటరుకు ఒక చాలు చొప్పున, వాలుకు అడ్డంగా చీల్చించండి. ఇది ఏప్రిల్, మే నెలల్లో నేల పొడిగా ఉన్నప్పుడే చేయాలి. తడిలో చేస్తే నల్లమట్టి పంజా పక్కలకు మెత్తుకుని లోపల గోడ కట్టినట్టవుతుంది, పగలదు. చీల్చాక గడ్డలు గడ్డలుగా అసహ్యంగా కనిపిస్తుంది, అప్పుడు ఎవరో ఒకరు చదును చేద్దాం అంటారు. చేయనివ్వకండి. ఆ గుంతల్లోనే వాన నిలుస్తుంది, ఆ గడ్డల నీడలోనే విత్తనం మొలుస్తుంది.

పైమట్టి కుప్ప గురించి. ఏళ్లుగా ఎత్తుగా పోసి ఉంచిన మట్టిలో లోపలి భాగానికి గాలి ఆడదు, అక్కడి సూక్ష్మజీవులూ పాత గడ్డి విత్తనాలూ చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. పై పొరలో మాత్రం వయ్యారిభామ విత్తనం దండిగా ఉంటుంది. అందుకే పై అడుగు మందం గీకి గుంత అడుగున లోతుగా పూడ్చేయండి, లోపలి మట్టే వాడండి. పన్నెండు ఎకరాల మీద పది సెంటీమీటర్లు పరచాలంటే దగ్గరదగ్గర 4,900 ఘనపు మీటర్లు కావాలి, మీ కుప్పలో అంత ఉంటుందని అనుకోను. అంతటా పలచగా చల్లి పోగొట్టుకోకుండా, రిప్పర్ చాళ్ల మీద పట్టీలు పట్టీలుగా పోయండి. మీ మండలంలో ఎండాకాలం చెరువు పూడిక తీస్తుంటే ఆ మట్టి అడగండి, మిషన్ కాకతీయ అప్పుడు రైతులు పొలాలకు తోలుకున్నది ఆ మట్టే కదా.

పీహెచ్ 8.4 చూసి ఎవరైనా జిప్సం వేయమంటే వినకండి. జిప్సం సోడియం ఎక్కువున్న చౌడు నేలకు. మీది సున్నం వల్ల వచ్చిన పీహెచ్, ఎన్ని లారీల జిప్సం పోసినా దిగదు. ఇలాంటి నేలలో ఇనుము, జింకు మొక్కకు అందకుండా బిగిసిపోతాయి. సున్నపు నేలలో పల్లీచేను ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు తిరగడం మీరు చూసే ఉంటారు, అదే ఇది. నేలను మార్చలేం కాబట్టి సున్నాన్ని తట్టుకునే మొక్కనే ఎంచుకోవాలి. సూపర్ ఫాస్ఫేట్ మాత్రం కొంచెం వేయండి, విత్తనం పడే చాలులోనే.

అంచుల్లో డంప్ వాలు ఎంత ఉందో చూడండి. పర్యావరణ క్లియరెన్స్ షరతుల్లో మామూలుగా 28 డిగ్రీలు దాటొద్దని ఉంటుంది. అంతకంటే నిట్టగా ఉంటే ఏ విత్తనం చల్లినా మొదటి గట్టి వానకు కిందికి పోతుంది. వాలు తగ్గించి, అడ్డంగా వట్టివేరు పిలకలు వరసలుగా నాటించండి. అది పిలకలతో నాటేది, విత్తనంతో పాకదు, సున్నపు నేలను తట్టుకుంటుంది.

మందవెంట, దేవరకొండ:

తమ్ముడూ, మా ఇంట్లో తాతల నుంచి గొర్లే. జీవం వైపు నుంచి చెప్తాను.

మీ నేలకు మొదటి గడ్డి అంజన్. వేరు లోతుకు పోతుంది, మొదలు దుబ్బుగా ఉంటుంది, ఎండాకాలం చచ్చినట్టే కనిపించి ఒక్క వానకు లేస్తుంది. సున్నం ఉన్న నేల దానికి ఇష్టం కూడా. గొర్రె బాగా తింటుంది. బుందేల్ అంజన్ అని ఝాన్సీలో ఉన్న గడ్డి పరిశోధన సంస్థవాళ్లు తీసిన రకాలున్నాయి, రాజేంద్రనగర్‌లో మేత పంటల విభాగంవాళ్లను అడిగితే విత్తనం ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. ఇది ఆస్ట్రేలియాలో, అమెరికా ఎడారిలో అడవిని మింగేసిన గడ్డి అని చదివి ఎవరైనా భయపెడితే, అక్కడ అది బయటి నుంచి వచ్చింది, మన దేశంలో ఇది ఇక్కడి గడ్డే అని చెప్పు.

నీళ్లు నిలిచే పల్లపు చోట అంజన్ నిలవదు. అక్కడ మార్వెల్ గడ్డి వేయండి, నల్లరేగడి గట్ల మీద మనకు మామూలుగా కనిపించేదే. గట్టు అంచుల్లో గరిక, దానికి విత్తనం అక్కర్లేదు, కణుపులు తెచ్చి నాటితే పాకుతుంది.

గడ్డి ఒక్కటే వేస్తే రెండో ఏటికి పసుపు తిరుగుతుంది, నేలలో బలం లేదు కదా. దానికి తోడు స్టైలో కావాలి, అది నత్రజని పట్టుకునే పప్పుజాతి మేత మొక్క. స్టైలో రకాల్లో హమాటా సున్నపు నేలకు సరిపోతుంది. స్కాబ్రా మా ఎర్ర చెల్కలకు బాగుంటుంది, మీ సుద్దకు అంత బాగోదు. హమాటా తన విత్తనం తానే రాల్చుకుంటుంది, అందుకని విత్తనం రాలేదాకా మేపకుండా ఆగగలిగితే చాలు, తర్వాత మీరు చల్లక్కర్లేదు.

పందిముల్లు గడ్డి గురించి ఒక మాట. మా గుట్టల మీద నిండా ఉంటుంది, దానంతట అదే వస్తుంది, మీరు మాత్రం చల్లకండి. దాని గింజకు సూదిమొన, మొన వెనక మెలి తిరిగిన పొడుగాటి తోక ఉంటాయి. తడి తగిలితే ఆ తోక తిరగడం మొదలుపెడుతుంది, తిరుగుతూ గింజను మట్టిలోకి తొలుస్తుంది. అరచేతిలో పెట్టి రెండు చుక్కల నీళ్లు వేసి చూడండి, కదులుతుంది. మట్టిలోకి దిగినట్టే గొర్రె ఉన్నిలోకీ దిగుతుంది, చర్మం దాకా పోయి పుండు చేస్తుంది. పూత రాకముందు మేతకు బాగానే ఉంటుంది, ఆ తర్వాత కాపరికి కష్టం.

తంగేడును మాత్రం వదలకండి. జీవాలు దాన్ని ముట్టవు, అందుకే ఎంత మేసిన బీట్లోనైనా అది మిగులుతుంది. ముట్టని పొద కింద అంజన్ దుబ్బు ఒకటి దాక్కుంటే అది గింజ కట్టి చుట్టూ చల్లుతుంది. మా బీడులో మంచి గడ్డి మిగిలినవి తంగేడు మొదళ్లలోనే. ఎకరంలో అక్కడక్కడ గుంపులుగా ఉండాలి, మొత్తం తంగేడే కాకూడదు.

సుబాబుల్ ఆకు మేకలు తింటాయి, కాదనను. కానీ అదే పనిగా దాన్నే మేపితే అందులో ఉండే మైమోసిన్ అనే విషం వల్ల వెంట్రుక ఊడుతుంది, జీవం చిక్కిపోతుంది. పైగా చెట్లు ఒత్తుగా లేస్తే కింద గడ్డి చస్తుంది. గొర్రె చెట్టెక్కి మేయదు కదా తమ్ముడూ, దానికి కావాల్సింది నేల మీద.

పచ్చబాట, కోదాడ:

సుబాబుల్‌ను ఇంత తిట్టాల్సిన పని లేదనిపిస్తోంది. సున్నపు నేలలో అది బతికినంత బాగా ఏదీ బతకదు, ఇది నిజం. నత్రజని పట్టుకుంటుంది, ఆకు రాల్చి నేలకు కర్బనం ఇస్తుంది, ఖమ్మం వైపు రైతులు పేపర్ మిల్లులకు అమ్ముకుంటున్నారు. కెన్యాలో మొంబాసా దగ్గర బాంబురి సిమెంట్ గని సంగతి వినే ఉంటారు. 1971లో ఉట్టి సున్నపురాతి నేల మీద 26 రకాల చెట్లు నాటితే మూడే బతికాయి, సరుగుడు, ఒక రకం కోనోకార్పస్, కొబ్బరి. ఆ సరుగుడుతోనే అడవి మొదలుపెట్టారు, ఇవాళ అది పెద్ద పార్కు. అక్కడ స్థానికమా కాదా అని కూర్చోలేదు, బతికేదాన్ని పట్టుకున్నారు. ముందు ఏదో ఒకటి నిలబడాలి, నీడ, ఆకు వచ్చాక మిగతావి చూసుకోవచ్చు. అంజన్, స్టైలో అని మొదలుపెట్టి మొదటి ఏడు వాన ఆడకపోతే ఎండిన నేల ఫొటోలు చూపించాల్సి వస్తుంది, అప్పుడు ఈయన ఉద్యోగం సంగతేంటి?

నర్సరీ అక్క, బాలానగర్:

పచ్చబాట గారూ, బాంబురి సంగతి మీరు చెప్పింది నిజమే. కానీ అది సముద్రం పక్కన, గని అడుగుకు దగ్గరలోనే ఉప్పునీళ్లు ఉన్న చోటు. సరుగుడు ఇసుక తీరాల చెట్టు, ఉప్పును ఓర్చుకుంటుంది, అందుకని నిలిచింది. దామరచర్లలో సముద్రం లేదు, వేరుకు నీళ్లు అందే లోతు కాదు, ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల మధ్య పడే వాన, అదీ నాలుగు నెలల్లోనే. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది 26 రకాలు వేసి చూడటం. ఒకే రకం మీద పన్నెండు ఎకరాలు పందెం కాయలేదు వాళ్లు.

సుబాబుల్ బతకదని ఎవరూ అనలేదు, బతకడమే దానితో చిక్కు. కాయ పగిలి విత్తనం రాలుతుంది, కొట్టేస్తే మోడు నుంచి మళ్లీ లేస్తుంది, పక్క పొలంలో మొలిస్తే ఆ రైతు మీ ఆఫీసు గేటు ముందుకు వస్తాడు. సర్కారు తుమ్మను కూడా ఒకప్పుడు ఇలాగే బతుకుతుందనే తెచ్చారు, ఇవాళ మన చెరువు శిఖాలు చూడండి. కోనోకార్పస్ అయితే మన ఊళ్లలో నాటించినవాళ్లే మళ్లీ నరికించడం చూశాం, దాని జోలి వద్దు.

మొదటి ఏడు ఎండిన నేల ఫొటో వస్తుందన్న భయం మాత్రం సరైనదే, దానికి విరుగుడు ఉంది. గడ్డితో పాటు తొందరగా లేచే పైరు పలచగా చల్లాలి. జీలుగ సున్నపు నేలలో, నీళ్లు నిలిచినా లేస్తుంది, అక్కడక్కడ సజ్జ వేయండి, ఆగస్టు చివర ఖాళీలు కనిపించిన చోట ఉలవలు. నెలన్నరకే నేల పచ్చబడుతుంది. ఒత్తుగా వేస్తే మాత్రం అంజన్‌కు వెలుతురు అందదు. జీలుగను పూతకు రాగానే కోసి అక్కడే పడేయండి.

రాతినేల తమ్ముడూ, ఇప్పుడు విత్తనం పని చెప్తాను, సగం మంది విత్తనం తెచ్చి ఇక్కడే పాడుచేసుకుంటారు. స్టైలో గింజకు పెంకు గట్టి, అట్లాగే చల్లితే ఎక్కువ భాగం మొలవదు. నీళ్లు మరిగించి పొయ్యి మీంచి దించి కాసేపు ఆగితే 80 డిగ్రీల దగ్గరికి వస్తాయి, గింజలను పలచటి బట్టలో మూటకట్టి అందులో నాలుగైదు నిమిషాలు ఉంచి తీసి, చన్నీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టాలి. చల్లేముందు బెల్లం నీళ్లతో అలసంద జాతి రైజోబియం (వేళ్లలో చేరి నత్రజని పట్టే సూక్ష్మజీవి) పట్టించాలి, గని మట్టిలో ఆ సూక్ష్మజీవి ఉండదు కాబట్టి ఇది వదలొద్దు. తంగేడు, నల్లతుమ్మ గింజలకైతే వేడినీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే ఉబ్బినవి, ఉబ్బనివి తెలిసిపోతాయి, ఉబ్బనివాటిని మళ్లీ ఒకసారి చేయాలి.

అంజన్ గింజ దూదిలా ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది, చేతికి ఉండలు చుట్టుకుంటుంది. అది కోసిన ఏడాదే సరిగ్గా మొలవదు, ఆరేడు నెలలు నిలవున్న విత్తనం కావాలి, కొనేటప్పుడు ఎప్పుడు కోశారో అడగండి. తడి మట్టి, పేడ, గింజ కలిపి చిన్న గోలీలుగా చేసి ఆరబెట్టండి, చీమలు కూడా ఎత్తుకుపోవు. ఎకరాకు అంజన్ మూడు కిలోలు, స్టైలో హమాటా మూడు కిలోలు వేయండి. మంచి చెల్క అయితే ఇంత అక్కర్లేదు, మీది గని నేల కాబట్టి ఎక్కువ చెప్తున్నాను. లోతుగా పడకూడదు, ఒక సెంటీమీటరు దాటితే పైకి రాదు. చల్లాక ఒక పెద్ద తుమ్మ కంప ఎడ్లకో ట్రాక్టర్‌కో కట్టి లాగించండి, చాలు.

ఎప్పుడు అంటే, రోహిణి ఎండల్లో పొడి దుక్కిలో కాదు, మిరుగులో మొదటి చినుకుకూ కాదు. నేల జానెడు తడిసే వాన ఒకటి పడాలి, అది ఆరుద్రలో అయినా పర్వాలేదు.

చెట్లు వద్దని కాదు, తక్కువ కావాలి. ఎకరాకు పాతిక ముప్పై చాలు, గడ్డికి వెలుతురు ఉండాలి, మందకు మధ్యాహ్నం నీడ ఉండాలి. కవర్లలో పెంచిన మొక్కలను రాతి నేలలో గుంత తీసి నాటితే వేరు ఆ గుంతలోనే చుట్టుకుని రెండో ఎండాకాలానికి వాడిపోతుంది. విత్తనం నేరుగా వేస్తే తల్లివేరు రిప్పర్ చీలికలోంచి దిగుతుంది. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, రేగు, కానుగ, వేప, జమ్మి, పల్లంలో మోదుగ. మోదుగ నల్లరేగడిని, నిలిచే నీళ్లను కూడా ఓర్చుకుంటుంది. వేప గింజ మాత్రం పండు రాలిన రెండు మూడు వారాల్లోనే నేలలో పడాలి, దాచిపెడితే చచ్చిపోతుంది. మా బాలానగర్ సీతాఫలం రాళ్ల గుట్టల మీద ఎట్లా కాస్తుందో అందరికీ తెలుసు, మీ దగ్గర ఎర్రమొరం కలిసిన అంచు ఉంటే అక్కడ వేయండి, సుద్ద మధ్యలో వద్దు.

రాతినేల:

అక్కా, అన్నలూ, మీ అందరికీ చాలా థ్యాంక్స్. గనిప్లాన్ గారు చెప్పిన కోర్టు ఆదేశం ప్రింట్ తీసి మా మేనేజర్ ముందు పెట్టాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, రోడ్డు వైపు రెండెకరాలు నాకు వదిలేయండి, మిగతా పది ఎకరాల్లో మీ గడ్డి వేసుకోండి అన్నాడు. ఆ రెండెకరాల్లోనైనా సుబాబుల్ బదులు కానుగ, వేప వేయిద్దామని చూస్తున్నాను.

రెండు సందేహాలు. ఒకటి, ఊళ్లోవాళ్లు మే నెలలో పది రోజులు మంద పెట్టిస్తాం, ఎరువు ఊరికే వస్తుంది అంటున్నారు. పెట్టించవచ్చా? రెండు, మొదటి రెండేళ్లు మేపకుండా ఆపడం ఎట్లా? కంచెకు డబ్బులు లేవు.

మందవెంట, దేవరకొండ:

మంద పెట్టించడం మంచిదే, దానికి మించిన ఎరువు లేదు. కానీ మే నెలలో వద్దు తమ్ముడూ. ఏప్రిల్, మేలలో బీళ్లలో ఇంకేం ఉండదు, జీవాలు సర్కారు తుమ్మ కాయలు ఏరుకుని తింటాయి. ఆ గింజ కడుపులో అరగదు, పెంటికలో వచ్చి, తడి తగలగానే మొలుస్తుంది. మే నెలలో మంద పెట్టిస్తే నీ పది ఎకరాలకు సర్కారు తుమ్మ విత్తనం నువ్వే చల్లించినట్టు అవుతుంది. జనవరి, ఫిబ్రవరిలో వరికోతల తర్వాత పొలాల్లో మేసి వచ్చిన మంద అయితే పర్వాలేదు. ఈ ఏడు ఆ సమయం దాటిపోతే పాత పెంట కుప్ప నుంచి బాగా మాగిన ఎరువు తోలించుకో, వేడికి చాలా గింజలు చస్తాయి.

ఇంత చేసినా పక్క గట్ల నుంచి సర్కారు తుమ్మ వస్తుంది. మొదటి వానాకాలం చివర, నేల తడిగా ఉన్నప్పుడు, జానెడు మొక్కగా ఉండగా వేరుతో పీకించు. కొడవలితో కోస్తే లాభం లేదు, కోసిన చోట నాలుగు కొమ్మలు లేస్తాయి.

మేపకుండా ఆపడానికి కంచె కంటే ముందు కాపరులను కూర్చోబెట్టి మాట్లాడండి. మా దగ్గర ఒక చెరువు శిఖం అట్లనే కాపాడుకున్నారు. మొదటి ఏడు ఎవరూ తోలొద్దు. రెండో ఏడు స్టైలో గింజ రాలాక, కార్తీకం దాటాక, కొడవలితో కోసుకుపోవచ్చు, ఇంటికి ఇంత అని వంతు వేసుకోవాలి. మూడో ఏటి నుంచి పది ఎకరాలను మూడు ముక్కలు చేసి, ఒక ముక్క మేస్తుంటే రెండు ముక్కలకు విరామం. ఇది మీ కంపెనీ కాగితం మీద రాసి ఇవ్వాలి. మేం కాపాడాక ఇంకెవరికో ఇచ్చేస్తారేమో అన్న అనుమానం ఉంటే ఎవడూ కాపలా కాయడు. కాపలాకు ఇచ్చే జీతం బయటివాళ్లకు కాకుండా ఆ కాపరుల్లోనే ఒకరికి ఇవ్వండి.

గనిప్లాన్, హైదరాబాద్:

దీనికి ఒక మాట కలుపుతాను. ఆ ఒప్పందాన్ని గ్రామ పంచాయతీ తీర్మానంతో సహా క్లోజర్ ప్లాన్‌కు జత చేయండి, రేపు మేనేజర్ మారినా నిలుస్తుంది. ఇన్‌స్పెక్షన్‌కు చెట్ల లెక్క మాత్రమే అడుగుతారని మీ ఆఫీసు భయం కదా. మీటరు చదరం వెదురు చట్రం ఒకటి చేయించి, పది ఎకరాల్లో గుర్తు రాళ్లు పాతిన చోట్ల ప్రతి అక్టోబర్‌లో దాన్ని పెట్టి ఎంత నేల కప్పింది, ఏ మొక్కలు ఎన్ని, వయ్యారిభామ ఎంత అని రాసి, పైనుంచి ఫొటో తీయండి. అదే చోట, అదే నెలలో. రెండేళ్ల ఫొటోలు పక్కపక్కన పెడితే వచ్చిన అధికారికి ఇంకేం చెప్పక్కర్లేదు.

వయ్యారిభామ ఎక్కువగా ఉన్న చోట తగిరిస, వెంపలి, తంగేడు కలిపి ఒత్తుగా చల్లండి, అవి దాన్ని అణుస్తాయి. పూత రాకముందు పీకడం ఎట్లాగూ తప్పదు, పీకేవాళ్లకు గ్లవ్స్ ఇవ్వండి, చాలామందికి ఒంటికి పడదు.

పచ్చబాట, కోదాడ:

సరే, మంద, సర్కారు తుమ్మ కాయల సంగతి నాకు తెలియదు, అది విన్నాక మీ మాట వైపే వస్తున్నాను. ఒక్కటే అడుగుతాను, పది ఎకరాల్లోనూ ఒకే మిశ్రమం వేయకండి. అర ఎకరం ముక్కలు మూడు నాలుగు విడదీసి, ఒకదాంట్లో అంజన్, స్టైలో, ఒకదాంట్లో మార్వెల్ గడ్డి ఎక్కువ, ఒకదాంట్లో ఏ విత్తనమూ వేయకుండా ఉట్టి రిప్పర్ కొట్టి వదిలేయండి. ఆ ఉట్టి ముక్కలో చుట్టుపక్కల నుంచి ఏం వచ్చి మొలుస్తుందో చూస్తే మిగిలిన గుంతలు పూడ్చేటప్పుడు విత్తనం ఖర్చు ఎంత తగ్గించవచ్చో తెలుస్తుంది. ఆ వివరాలు ఇక్కడ పెట్టండి, మట్టంపల్లి, మేళ్లచెరువు వైపు ఇలాంటి నేలలు చాలా ఉన్నాయి, అందరికీ పనికొస్తాయి.

రాతినేల:

తప్పకుండా పెడతాను. ఉట్టి ముక్క ఆలోచన బాగుంది, దక్షిణం మూలన అర ఎకరం దానికే వదులుతాను. రిప్పర్ ఏప్రిల్‌కు మాట్లాడాను. స్టైలో, అంజన్ విత్తనం కోసం రాజేంద్రనగర్ వెళ్తాను, తంగేడు, వెంపలి మాత్రం ఇక్కడే ఏరించాలనుకుంటున్నాను. అక్కా, తంగేడు కాయ ఇప్పుడు కోయిస్తే సరిపోతుందా, ఇంకా ఆగాలా?

నర్సరీ అక్క, బాలానగర్:

ఇప్పుడే కోయించు, ఆగొద్దు. కాయ గోధుమరంగుకు తిరిగి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. పచ్చి కాయలు కోస్తే గింజ ముడుచుకుపోతుంది, పక్కన పెట్టేయండి. ఒకటే పొద నుంచి కాకుండా గట్టు పొడవునా చాలా పొదల నుంచి కొంచెం కొంచెం తీసుకోండి, ఆ సున్నపు గట్ల మీద బతికిన పొదల విత్తనమే మీ నేలకు నప్పుతుంది. నీడలో వారం ఎండబెట్టి, పురుగు తొలిచిన గింజలు ఏరేసి, గోనెసంచిలో వేపాకు కలిపి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమట పడుతుంది. వెంపలి కాయ చేయి తగిలితేనే పేలి గింజ రాలిపోతుంది, దాన్ని పొద్దున్నే మంచు తడి ఆరకముందు కోయించండి.